హౌజు మీద మంచు పెచ్చు

ఒమన్‌లో నీళ్లు గడ్డకడతాయని కొత్తలో ఎవరైనా చెప్పుంటే భీమన్న నవ్వేవాడు. మస్కట్ సైట్ల మీద ఎండకు వీపు పొరలు పొరలుగా ఊడిన మనిషి అతను. కంపెనీ అతన్ని జబల్ అఖ్దర్ కొండ మీదున్న ఒక విల్లాకు తోటపనికి పంపాక గానీ ఇక్కడి చలేమిటో తెలియలేదు. జనవరి పొద్దుల్లో కుళాయి తిప్పితే చుక్క రాలేదు. దానిమ్మ కొమ్మలకు తెల్లటి నూగు పట్టింది.

ఆ విల్లా హుస్నా అనే మస్కట్ ఆవిడది. సెలవులకే వస్తుంది. పెరట్లో రాతితో ఆవిడ కట్టించుకున్న చేపల హౌజు ఉంది. నడుముకు కాస్త తక్కువ లోతు. అందులో మూరెడేసి చేపలు, ఎర్రవీ తెల్లవీ. చలికాలంలో హౌజంతా మంచు కట్టకుండా చూసుకోమని, ఒక్కచోటైనా నీళ్లు తెరిపిగా ఉండాలని ఆవిడే స్వయంగా భీమన్నకు చెప్పింది. ఒకవేళ కట్టినా దెబ్బ వేసి పగలగొట్టొద్దని, ఆ అదురుకే చేపలు చస్తాయని అరబ్బీ కలిసిన హిందీలో రెండుసార్లు చెప్పింది. గాలి బుడగలు వదిలే చిన్న మోటారు ఒకటి ఇప్పించింది. సాయంత్రం కాగానే భీమన్న హౌజు మీద టార్పాలిన్ కప్పి, అంచులకు రాళ్లు పెట్టి, మోటారు వేసి పడుకునేవాడు.

అతన్ని చలి కన్నా ఎక్కువ వణికించింది సంజీవ్. మస్కట్‌లో అల్ మవాలేలోని కంపెనీ ఆఫీసు నుంచి వారం వారం కొండెక్కి వచ్చే సూపర్‌వైజర్. అతనికి చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. నవంబరులో మోటారు జాలీకి ఆకులు అడ్డం పడ్డాయని రబ్బరు పైపుతో భీమన్నను చెవి మీద కొట్టాడు. అప్పటినుంచి ఆ చెవిలో ఈల ఆగలేదు. భీమన్న ఎవరికీ చెప్పుకోలేదు. నోరెత్తిన ఒక పనివాణ్ణి సంజీవ్ వీసా రద్దు చేయించి ఇంటికి పంపడం అతను చూసే ఉన్నాడు. దెబ్బ పడ్డప్పుడు తల దించుకుంటే తొందరగా అయిపోతుందని నేర్చుకున్నాడు.

డిసెంబరులో గంగాప్రసాద్ వచ్చాడు. ముప్పై నిండని మనిషి, ఇద్దరిదీ జగిత్యాల వైపే. ఒకే రూమ్, ఒకే పొయ్యి. సంజీవ్ వచ్చిన రోజు ఎదురు మాట్లాడొద్దని భీమన్న అతనికి మొదటి రోజే చెప్పాడు.

ఆ వారం కొండ మీద గాలి విపరీతంగా లేచింది. ఒక రాత్రి కరెంటు పోయింది. తెల్లవారి చూస్తే టార్పాలిన్ ఎగిరి గోడకు చుట్టుకుని ఉంది, మోటారు ఆగిపోయి ఉంది, హౌజంతా ఒడ్డు నుంచి ఒడ్డుకు మంచు పెచ్చు కట్టింది. బొటనవేలంత మందం. కింద చేపలు నీడల్లా కదలకుండా నిలబడి ఉన్నాయి.

ఇద్దరూ గ్యాస్ పొయ్యి మీద గంజు నిండా నీళ్లు మరగబెట్టి, ఆ గంజును మెల్లగా మంచు మీద ఆనించారు. చల్లారగానే మరొకటి. అలా పొద్దెక్కేసరికి పళ్లెమంత బొక్క పడింది. ఒక ఎర్ర చేప పైకొచ్చి నోరు తెరిచింది. గంగాప్రసాద్ దాన్ని చూసి సంబరపడ్డాడు.

అప్పుడే సంజీవ్ బండి వచ్చింది. మధ్యాహ్నానికి మేడం చుట్టాలతో వస్తోందని, హౌజు ఈ అవతారంలో కనపడితే తన ఉద్యోగం ఊడుతుందని అరుస్తూ దిగాడు. నేరుగా వెళ్లి గోడకున్న గడ్డపార అందుకున్నాడు. మేడం కొట్టొద్దన్నదని భీమన్న చెప్పబోతే మోచేత్తో ఛాతీ మీద పొడిచి తోసేశాడు. మంచు మీద మూడు పోట్లు పొడిచాడు. ప్రతి పోటుకూ హౌజు రాళ్లు అదిరాయి. పెచ్చు పలకలుగా పగిలింది. వాటి మధ్య నుంచి చేపలు ఒక్కొక్కటే పక్కకు ఒరిగి, తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి.

నాలుగో పోటు వేయకుండా గంగాప్రసాద్ గడ్డపార పట్టుకున్నాడు. సంజీవ్ దాని వెనక కొనతో అతని కడుపులో పొడిచాడు. గంగాప్రసాద్ వంగిపోగానే జుట్టు పట్టుకుని, హౌజు గట్టు మీదికి లాగి, తలను మంచు పలకల మధ్య నీళ్లలోకి కుక్కాడు. పైకి లాగి, చేపల్ని చూపించి, వీటిని నువ్వే చంపావని ఒప్పుకోమన్నాడు. మళ్లీ ముంచాడు. పలక అంచు తగిలి కనుబొమ్మ చీలింది. నీళ్లు ఎర్రబడ్డాయి. మూడోసారి ముంచి వదల్లేదు. గంగాప్రసాద్ కాళ్లు గట్టును తన్నుతూ తన్నుతూ నెమ్మదించాయి.

భీమన్న నిలబడిపోయాడు. తల దించుకోవడం తప్ప ఏమీ రాని ఒళ్లు అది. కానీ ఆ కాళ్లు నెమ్మదించడం చూశాక చేతికి తోటపని పార ఎలా వచ్చిందో అతనికే తెలియదు. వెనక నుంచి సంజీవ్ భుజం మీద ఒకటి, తల మీద ఒకటి వేశాడు. రెండో దెబ్బకు ఎముక మీద ఇనుము తగిలిన చప్పుడు చేతుల్లోకి పాకింది. సంజీవ్ బోర్లా హౌజులో పడ్డాడు.

గంగాప్రసాద్‌ను లాగి గట్టు మీద పడుకోబెడితే నీళ్లు కక్కాడు. దగ్గాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. బతికాడనుకుని భీమన్న ఊపిరి పీల్చుకునేలోపే అతను లేచి హౌజులోకి దూకాడు. నీళ్లలో లేవబోతున్న సంజీవ్ వీపు మీద మోకాలు పెట్టి, రెండు చేతులతో మెడ పట్టి అడుక్కు నొక్కాడు. మొహం నిండా నెత్తురు, దాని మధ్య కళ్లు ఏమీ చూడటం లేదు.

భీమన్న పేరు పెట్టి పిలిచాడు. చొక్కా పట్టి లాగాడు. చివరికి తనూ నీళ్లలోకి దిగి గంగాప్రసాద్ నడుము చుట్టూ చేతులు వేశాడు. ఆ చలికి ఊపిరి ఆగిపోయింది. గంగాప్రసాద్ మోచెయ్యి అతని నోటికి తగిలి పన్ను ఊడింది. మెడ మీది చేతుల్ని విడదీయబోతే గంగాప్రసాద్ ఒక చేత్తో అతని రెండు వేళ్లు పట్టుకుని వెనక్కి విరిచాడు. భీమన్న కేక పెట్టి, ఎదురుకు తిరిగి తలతో అతని ముక్కు మీద గుద్దాడు. ఒకసారి కాదు, పట్టు వదిలేదాకా గుద్దాడు. తమ్మీ అని పిలుచుకున్నవాడి ముక్కు తన నుదుటి కింద పగలడం అతనికి తెలిసింది.

సంజీవ్‌ను జుట్టు పట్టి పైకెత్తాడు. గట్టు మీద వేసి వీపు మీద గుద్దితే ఊపిరి అందుకున్నాడు.

హుస్నా వచ్చేసరికి ముగ్గురూ తడిసి, నెత్తురోడుతూ, తలో గోడకు ఆనుకుని వణుకుతున్నారు. ఆవిడ వాళ్లను చూసింది. హౌజు వైపు వెళ్లలేదు. చుట్టాలను ఇంట్లో ఉండమని చెప్పి, కారులోని కంబళ్లు తెచ్చి ముగ్గురికీ కప్పి, తనే బండి నడుపుకుంటూ కొండ కింద నిజ్వా ఊళ్లోని ఆసుపత్రిలో దించింది.

అక్కడ భీమన్న వేళ్లకు కట్టు కట్టిన నర్సు మేరీకుమారి, భీమవరం వైపు మనిషి. తెలుగు వినేసరికి అతని మొహం కదిలింది.

"ఎవరు కొట్టారండీ మిమ్మల్ని?" అని మెల్లగా అడిగింది. "పోలీసులొస్తారు. జారిపడ్డానని మాత్రం చెప్పకండి. అలా చెప్పి వెళ్లినవాళ్లని చాలామందిని చూశాను."

భీమన్న ఆమెకు మొత్తం చెప్పాడు. తర్వాత పోలీసులకూ అదే చెప్పాడు, చెవి మీది పైపు దెబ్బ దగ్గర్నుంచి. తను పారతో కొట్టిన రెండు దెబ్బలూ దాచలేదు. గంగాప్రసాద్ మెడ నొక్కిన సంగతీ దాచలేదు.

ఆ సాయంత్రం గంగాప్రసాద్ పక్క బెడ్డు మీద, ముక్కుకు దూది పెట్టుకుని, పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

"నన్నెందుకు ఆపినవే అన్నా? వాడు నన్ను సంపుతుండె."

"సంపుతుండె. అందుకే కొట్టిన."

"మరి?"

"నీ చేతులు వాని మెడ మీద సూసిన తమ్మీ. నువ్వు ఇడుస్తవనిపియ్యలే. నాకు వానికంటె నిన్ను సూస్తేనే భయమైంది."

గంగాప్రసాద్ అటు తిరిగి పడుకున్నాడు.

సంజీవ్ పుర్రె పగిలింది గానీ బతికాడు. కాస్త కోలుకున్నాక అంతా వాళ్లదే తప్పన్నాడు. మంచును కొట్టొద్దని తాను ముందు నుంచీ చెప్పానని, గడ్డపార పట్టింది సంజీవేనని, అతను బండి దిగి దాన్ని అందుకోవడం చూసిన పక్క విల్లా కాపలావాడితో సహా హుస్నా పోలీసుల ముందు నిలబడి చెప్పింది. కేసు నడిచింది. సంజీవ్ జైలుకు వెళ్లాడు. తోటివాడి ప్రాణం కాపాడటానికే కొట్టాడని భీమన్నకు శిక్ష పడలేదు. గంగాప్రసాద్‌ను మాత్రం దేశం నుంచి పంపేయాలని తేల్చారు. భీమన్న చెప్పిన మాటే అతని మీద పడింది.

పంపేసే రోజు భీమన్న కొండ దిగి మస్కట్ వెళ్లాడు. అక్కడి రూవి బజారులో అరటిపళ్లు, ఒక ఉన్ని టోపీ కొన్నాడు. ఎయిర్‌పోర్టు బయట పోలీసు బండి దిగుతున్న గంగాప్రసాద్‌కు అందించబోయాడు. గంగాప్రసాద్ ముక్కు వంకరగా అతుక్కుంది. అతను సంచీ వైపు చూశాడు, భీమన్న వైపు చూశాడు. చెయ్యి చాపలేదు.

"ఇంటికి పోయినంక ఏమని చెప్పాలె నేను?" అన్నాడు.

ఎయిర్‌పోర్టు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. గంగాప్రసాద్ లోపలికి నడిచాడు. భీమన్న సంచీ పట్టుకుని, తలుపులు మూసుకున్నాక కూడా అక్కడే నిలబడ్డాడు.