యాసిడ్ ఎంతసేపు?

జిగురక్కకి నలభై నాలుగేళ్ళు. రోజూ క్లినిక్ తెరవగానే గాలి గొట్టాన్ని అద్దానికి ఎదురుగా పెట్టి ఒకసారి ఊది చూస్తుంది. అద్దం మీద నూనె మసక గానీ నీటి చుక్క గానీ కనబడితే, కంప్రెసర్ శుభ్రం చేయించేదాకా ఎవరి నోట్లోనూ వేలు పెట్టదు. బోర్డు మీద మాత్రం భర్త పేరే పెద్దది. ఇద్దరూ ఒకే క్లాసులో దంతవైద్యం చదివారు. మార్కులు ఆమెకే ఎక్కువ. బోర్డు రాయించేటప్పుడు మార్కులెవరు చూస్తారు?

పంటి మీది జిర్కోనియా క్యాపు పెచ్చు లేస్తే మిగతా డాక్టర్లు దాన్ని కోసేసి కొత్తది వేస్తారు. జిగురక్క పెచ్చు లేచినచోటే పంటి రంగు ముద్ద, రెజిన్, అతికించి, అతుకేదో అసలేదో తెలియకుండా చేస్తుంది. అది అందరి వల్లా అయ్యే పని కాదు. పింగాణీనైతే యాసిడ్ కొరుకుతుంది, ఆ గరుకులో రెజిన్ పట్టుకుంటుంది. జిర్కోనియా యాసిడ్‌కి లొంగదు. పైగా పళ్ళకి రాసే యాసిడ్ దానికి తగిలిందంటే, రెజిన్‌ని పట్టి ఉంచే ప్రైమర్ మందు కూర్చోవాల్సిన చోట ముందే తిష్ఠ వేస్తుంది. సన్నటి ఇసుక కొట్టాలి, ఉమ్మి తగలనివ్వకూడదు, ప్రైమర్ రాయాలి, ఆరనివ్వాలి, అప్పుడు రెజిన్. ఈ వరస తేల్చడానికి ఆమెకి ఏడేళ్ళు పట్టింది. విరిగిన క్యాపులకి అతుకులు వేసి, నెలల తరబడి నీళ్ళలో నానబెట్టి, ఊడబీకి చూసి, ఏడు నోటుబుక్కులు నింపింది.

ఇసుక కొట్టేటప్పుడు క్యాపు మాట్లాడుతుంది. పెచ్చు లేచిన పూట ఆ నోరు ఏమందో అదే గొంతుతో అప్పజెబుతుంది. అందుకే కౌంటర్లో కూర్చునే పెద్దమ్మ ప్రతి పేషెంటునీ ముందే అడుగుతుంది, "సక్షన్ మిషను చిన్నగా పెట్టమంటారా, పెద్దగానా?" అని. పరువుగలవాళ్ళు, ఉమ్మి పీల్చే ఆ మిషను మోతలో క్యాపు మాట మునిగిపోవాలని, పెద్దగానే పెట్టమంటారు. షుగరున్న హెడ్మాస్టరు ధీమాగా చిన్నగా చాలన్నాడు. "మా ఆవిడ చూడట్లేదు, ఇంకో నాలుగు మైసూరుపాకులు వెయ్యండి" అంది క్యాపు. బయట బెంచీ మీద కూర్చున్న ఆవిడ అంతా వింది.

ఆరు నెలల కింద భర్త ఆ నోటుబుక్కులు పట్టుకెళ్ళాడు. "నీకు తీరికేదీ? నేను టైపు చేయించి దంతవైద్య పత్రికకి పేపరుగా పంపుతాను. మొదటి పేరు నీదే" అన్నాడు.

ఆర్నెల్ల తర్వాత ఇప్పుడు, ఒక మధ్యాహ్నం, అతనే పేషెంటు కుర్చీలో కూర్చున్నాడు. మర్నాడు డాక్టర్ల సభలో ఈ పద్ధతి చేసి చూపించాలి. ఇద్దరూ చూపిద్దామంటే, "నీ పేషెంట్లని ఎవరు చూస్తారు?" అని ఆమెని ఆపేశాడు. తీరా కిందటి రాత్రి డాక్టర్ల విందులో అతని ముందుపంటి క్యాపే పెచ్చు లేచింది.

జిగురక్క రబ్బరు షీటు బిగించింది. నోరంతా మూసుకుపోయి ఆ ఒక్క పన్నే బయటికి కనిపిస్తోంది. ఇసుక కొట్టే మిషను పెడల్ తొక్కింది.

"పేపర్లో ఆవిడ పేరెందుకండీ?" అంది క్యాపు, భర్త గొంతుతో. "పద్ధతి నాది. ఆవిడ ట్రే అందిస్తుందంతే. ఇంట్లో అనకండి, అలుగుతుంది." ఆపైన నలుగురి నవ్వు, పటుక్కుమని చప్పుడు.

ఆమె మళ్ళీ తొక్కింది. మళ్ళీ అదే.

పెద్దమ్మ పరిగెత్తుకొచ్చి సక్షన్ పెద్దది చెయ్యబోయింది.

"ఉండనీ పెద్దమ్మా. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఈయన నా మాటకి మధ్యలో అడ్డుపడకుండా కూర్చున్నాడు" అంది జిగురక్క. భర్త వైపు తిరిగి, "మొదటి పేరు నాదేనన్నావు కదూ? ఆఖరి పేరు కూడా నాది కాదా?"

"ఆఁ... ఆఁ..." అన్నాడు షీటు వెనక నుంచి.

ఆమె షీటు తీసేసింది.

"ఇంత రాద్ధాంతం ఎందుకు?" అన్నాడు పెదాలు తుడుచుకుంటూ. "నలుగురిలో ఏదో అన్నాను. నువ్వూ నేనూ వేరా? ఎవరి పేరుంటే ఏమిటి?"

"అయితే నా పేరే పెట్టు."

అతను గడియారం చూసుకున్నాడు. "రేపొచ్చాక మాట్లాడుకుందాం. ముందిది అతికెయ్. అన్నట్టు, ఇసుక కొట్టాక యాసిడ్ ఎంతసేపు పెట్టాలి? ముప్పై సెకన్లేగా?"

జిగురక్క అతని మొహంలోకి చూసింది. మొదటి నోటుబుక్కు మొదటి పేజీలో, ఎర్ర సిరాతో, 'యాసిడ్ ముట్టుకోకూడదు' అని రాసి రెండు గీతలు గీసి పెట్టింది. టైపు చేసినవాడెవడో చదివి ఉంటాడు. ఈయన అట్ట కూడా తిప్పలేదు. ఏడేళ్ళ పని దోచుకున్న మనిషికి, అందులో ఏముందో చూడాలని కూడా అనిపించలేదు.

"నీ పద్ధతే కదా" అంది గ్లౌజులు ఊడదీస్తూ. "నీకు తెలిసే ఉంటుంది."

"మరి నా పన్ను?"

"పెద్దమ్మా, డాక్టరుగారికి అద్దం ఇయ్యి. సరంజామా అంతా అక్కడే ఉంది."

మర్నాడు నూటయాభై మంది డాక్టర్ల ముందు, పెచ్చు లేచిన పన్ను కనబడకుండా పెదాలు బిగబట్టుకుని, అతను ఒక విడి క్యాపుకి ఇసుక కొట్టాడు, ముప్పై సెకన్లు యాసిడ్ పెట్టాడు, ప్రైమర్ రాశాడు, రెజిన్ అతికించాడు. గట్టితనం చూపిద్దామని పట్టకారుతో లాగితే అతుకు ఊడి చేతికొచ్చింది. పెద్ద తెర మీద అందరూ చూశారు.

"జిర్కోనియాకి ఆ యాసిడ్ పెట్టమని ఎవరు చెప్పారండీ?" అనడిగింది వెనక వరసలోంచి ఒక డాక్టరమ్మ.

అతను ఊడిన ముక్కని తిప్పి చూసి, "మా ఆవిణ్ణి అడగాలి" అన్నాడు.

ఆ సమయానికి జిగురక్క ఇంట్లో అతని బీరువా తెరిచి, ఇంకా పత్రికకి పంపని టైపు కాగితాల పక్కనున్న నోటుబుక్కులు సంచిలో వేసుకుంటోంది. వాటిని పేజీ పేజీ తనే పేపరుగా రాసి పత్రికకి పంపింది. నాలుగు నెలలకి పేపరు ఆమె ఒక్కదాని పేరుతో అచ్చయింది. ఆ ఇంటి గుమ్మం ఆమె మళ్ళీ ఎక్కలేదు.