కర్రకి టిక్కెట్టు

నేను ఒక గంటనని అందరూ అంటారు గానీ, పుట్టుకతో రైలు పట్టా ముక్కని. విరిగాక ఇక పనికిరానని తేల్చి, ఒక చిన్న స్టేషన్ చూరుకి వేలాడదీశారు. ఎందుకూ పనికిరానివాళ్ళకి పెద్ద గొంతు ఇవ్వడం మనుషులకి మొదటినుంచీ అలవాటే.

నా మొదటి దెబ్బకి ఊళ్ళో ఎసరు పెట్టేవారు, రెండో దెబ్బకి బియ్యం పోసేవారు. రైలు ఆలస్యమైతే ఊరంతా పస్తు. అంతకుముందు సూర్యుణ్ణి చూసి వండుకున్నవాళ్ళే వీళ్ళు. ఒక మేలు మాత్రం ఒప్పుకోవాలి. బళ్ళమీద పోతూ దారిలోనే కుళ్ళిపోయే తమలపాకులు, రైలొచ్చాక బరంపురం సంతలో పచ్చగా దిగేవి.

ఆ ఆకుల తోట, రెండెకరాలు, సన్యాసమ్మది. కాదు నాదేనని జగ్గరాజుగారు దావా వేశారు. ఆఖరి వాయిదాకి ఆయన స్వయంగా పట్నం వచ్చి పత్రాలు చూపించకపోతే దావా కొట్టేస్తామని కోర్టువారు చెప్పారు. పొద్దుటి బండి తప్పితే మరో దారి లేదు.

రాజుగారికి బెంగేమిటి? ఎడ్లబళ్ళ రోజుల్లో ఆయన చేతికర్ర కాడి మీద పెడితే చాలు, ఆయన భోంచేసి వచ్చేదాకా ఒక్క బండీ కదిలేది కాదు. అందుకని వాయిదా రోజు పొద్దున కూడా నౌకరుతో కర్ర స్టేషన్‌కి పంపి, తాపీగా తలంటుకి కూర్చున్నారు. స్టేషన్ మాస్టారు కర్రని ఎగాదిగా చూసి, దీనికి టిక్కెట్టుందా అని అడిగారు.

రైలొచ్చి ఆగింది. నన్ను కొడితే కదులుతుంది. కొట్టాల్సిన పోర్టరు అప్పలసామి గుడిసె రాజుగారి స్థలంలో ఉంది. నౌకరు ఆ సంగతే వాడి చెవిలో ఊదాడు. ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఆగిపోయింది. మాస్టారు కొట్టమని రెండుసార్లు అన్నా వాడి చెయ్యి దిగలేదు.

అదే వాయిదాకి రైలెక్కి కూర్చున్న సన్యాసమ్మ, కిటికీలోంచి మెల్లగా అంది.

"బండి నాదీ గాదు, రాజుగోరిదీ గాదు. నీ పని నువ్వు సెయ్యి నాయినా."

కొట్టాడు. నా జన్మలో అంత గట్టిగా మోగలేదు, అంత సంతోషమూ ఎరగను. తడితలతో పరుగెత్తుకొచ్చిన రాజుగారికి పొగ మాత్రం దొరికింది.

దావా పోయింది. ఆ కోపంలో ఆయన అప్పలసామి గుడిసె పీకించారు. సన్యాసమ్మ వాడికి తన తోట గట్టున చోటిచ్చింది.

ఇప్పుడు నేను మ్యూజియంలో అద్దం వెనక ఉన్నాను. చీటీ మీద నా బరువు, నేను పుట్టిన ఏడు రాశారు. స్టేషన్‌లోని ఒకే ఒక్క బల్ల సంగతి రాయలేదు. ఆ తర్వాత రాజుగారు ఏ ఊరెళ్ళాలన్నా గంట ముందే వచ్చి దాని ఒక చివర కూర్చునేవారు. రెండో చివర, ఆకుల బుట్ట ఒళ్ళో పెట్టుకుని సన్యాసమ్మ. ఆయన్ని చూసి ఆమె ఒక్కనాడూ లేవలేదు.