కేసు వాడి మీద

బస్టాండులో బస్సుల రాకపోకలు చెప్పే పిన్నిని ఇంట్లో అందరూ ‘మైకు’ అంటారు. ఆవిడ గుసగుసలాడినా పక్కింటివాళ్లు జవాబు చెబుతారు. అక్క కూతురు, పదో తరగతి చదివే పిల్లంటే ఆవిడకు ప్రాణం. ఆ పిల్ల ఉన్నట్టుండి ఈతకు వెళ్లడం మానేసింది. ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడుతోంది.

“ఏంటే, మొహం అలా వేలాడేశావ్?” అని పిన్ని నిలదీసేసరికి బావురుమంది.

ముక్కూ మొహం తెలియనివాడెవడో, ఈత పోటీల ఫొటోలోంచి ఆమె ముఖం తీసి ఒక పాడు బొమ్మకు అతికించాడు. అలాంటివే నిజమైన ఫొటోలు తీసి పంపకపోతే దాన్ని స్కూలంతా పంచుతానని బెదిరిస్తున్నాడు.

“అమ్మకు చెప్పకు పిన్నీ, ఈత మాన్పించేస్తుంది. అన్నీ డిలీట్ చేసేద్దాం.”

“ఒక్కటీ చెరపకు. వాడు తవ్వుకున్న గొయ్యి మనమెందుకు పూడ్చాలి? అమ్మతో నేను మాట్లాడతాగా!”

అక్క విని కాసేపు కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత ముఖం కడుక్కుని, చెప్పులేసుకుని, “పదండి” అంది. ముగ్గురూ సైబర్ క్రైమ్ స్టేషన్‌కు వెళ్లారు.

“మా పిల్ల ఫొటోని ఒక వెధవ…” అని పిన్ని మొదలుపెట్టగానే హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. మహిళా ఇన్‌స్పెక్టర్ లేచి తలుపు వేసింది.

“అమ్మా, నాకొక్కదానికే వినపడితే చాలు.”

“దీని గొంతు మీద కూడా ఏదైనా సెక్షన్ ఉందా మేడమ్?” అంది అక్క. పిల్ల ఫక్కున నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు విని అక్కకు సగం బరువు దిగింది.

“ముఖం నాదే కదా మేడమ్. అది అతికించిందంటే ఎవరు నమ్ముతారు?” అని అడిగింది పిల్ల.

“నమ్మించాల్సిన పని నీకు లేదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల బొమ్మ అలా తయారుచేసినా నేరమే, పంపినా నేరమే. బెదిరించినందుకు ఇంకోటి. కేసు వాడి మీద, నీ మీద కాదు.”

“నా పేరు పేపర్లో వస్తే?”

“వేసినవాడి మీదా కేసు పెడతా. పిల్లల పేరు, స్కూలు బయటపెట్టకూడదని చట్టంలోనే ఉంది.”

పిల్ల ఫోను తీసి ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చింది.

వాడు అప్పటికే నెట్‌లో ఒకచోట పెట్టేసిన ఆ బొమ్మను పోలీసులు తీయించారు. పెద్ద కంప్యూటర్ మాంత్రికుడనుకున్నవాడు తీరా పట్టుకుని చూస్తే వేరే ఊళ్లో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు. ఇంకొందరు ఆడపిల్లలనూ ఇలాగే ఏడిపించాడట. కోర్టులో వాడి ముఖం చూడాల్సిన పని లేకుండా, పిల్ల వేరే గదిలో కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. “సరదాకి చేశానండీ” అని వాడు నసిగాడు. జడ్జిగారు ఆ సరదాకు జైలుశిక్ష వేశారు.

కొన్నాళ్లకు ఇన్‌స్పెక్టర్ అక్కకు ఫోన్ చేసింది. ఇలాంటి బెదిరింపే వచ్చిన మరో అమ్మాయి స్టేషన్‌కు రావడానికి జంకుతోందట. ఆ ఇంటివాళ్లు సరేనన్నారు, మీ అమ్మాయి ఓసారి మాట్లాడుతుందా అని అడిగింది. అక్క ఇంకా ఆలోచిస్తుండగానే పిల్ల ఫోను అందుకుని, ఆ అమ్మాయికి కలపమని బాల్కనీలోకి వెళ్లింది.

“ఏడుపొస్తే ఏడువు, నేనూ ఏడ్చా… రేపు సాయంత్రం నేనూ వస్తాలే. స్టేషన్ మెట్ల దగ్గరుంటా. ఈత నుంచి నేరుగా వస్తా కాబట్టి జుట్టు తడిగా ఉంటుంది, నవ్వకేం!”