జైలు కుర్చీ పగ

నేను ఒక టేకు కుర్చీని. పుట్టింది జైల్లో. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, వినండి.

నన్ను చేసినవాడు దాలినాయుడు. పొలం గట్టు తగాదాలో ఒకడి తల పగలగొట్టి ఆరేళ్ళు శిక్ష అనుభవించాడు. ఆ ఆరేళ్ళలోనే చిత్రిక పట్టడం నేర్చాడు. ఒక్క మేకు కొట్టకుండా నన్ను బిగించి, అడుగున తన గుర్తుగా ఉలితో మూడు గాట్లు పెట్టుకున్నాడు.

జైలు దుకాణంలో నన్ను కొన్నది ఒక ఫర్నిచర్ కంపెనీ మేనేజరు శ్రీధరమూర్తి. వచ్చినవాళ్ళందరికీ, "జైలు సరుకండీ, నికార్సైనది!" అని నా చెయ్యి నిమిరి మరీ చెప్పేవాడు. పొంగిపోయాను, పిచ్చిదాన్ని!

నాలుగేళ్ళకు, వడ్రంగి కావాలన్న ప్రకటన చూసి దాలినాయుడే వచ్చాడు. పనితనానికి పరీక్షగా, వదులైన నా ముందుకాలు బాగుచేయమన్నారు. తిరగేశాడు. తను పెట్టిన మూడు గాట్ల దగ్గర వాడి వేళ్ళు ఆగిపోయాయి.

"ఈ పని దొరికితే మాయావిడి సేత జీడిపిక్కలు కొట్టడం మానిపించీయాల. సేతులన్నీ బొబ్బలెక్కిపోనాయి" అని నాతోనే గొణుక్కున్నాడు.

గంటలో నన్ను రాయిలా నిలబెట్టాడు. మేనేజరు కూర్చుని చూసి, "భేష్! రేపట్నుంచి వచ్చెయ్యవయ్యా" అన్నాడు.

అప్పుడిచ్చారు ఫారం. 'ఎప్పుడైనా జైలుకెళ్ళారా?' అని అందులో ఒక గడి. దాలినాయుడు నిజమే రాశాడు.

"అబ్బే, జైలు మనుషులు మాకొద్దయ్యా."

"బావూ, సిచ్చ అయిపోనాది కదా? జైలు కుర్సీ మీద కూకుంటారు గానీ, జైలుకెళ్ళినోడికి పనియ్యరా?"

"మర్యాదగా వెళ్తావా, వాచ్‌మన్‌ని పిలవనా?"

వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు చేసిన కుర్చీ ముద్దు, వాడు మాత్రం చేదా! ఉండు, నీ పని చెబుతా అనుకున్నాను.

నెల తిరక్కుండానే కార్మికశాఖ అధికారిణి ఒకామె వచ్చింది. శిక్ష పూర్తయినవాణ్ణి పాత కేసు పేరుతో తిప్పి పంపకూడదని చట్టం తెస్తే ఏమంటారని అడిగింది.

శ్రీధరమూర్తి నా మీద వెనక్కి వాలి, "చట్టమెందుకండీ, మేము అందర్నీ సమానంగానే చూస్తాం" అన్నాడు.

ఇక ఆగలేకపోయాను. అతను రోజూ ఊగి ఊగి చిట్లగొట్టిన వెనకకాలును ఫెళ్ళున విరుచుకున్నాను. దాలినాయుడు బాగుచేసిన కాలు కాదు సుమా, వాడి పనికి మచ్చ తెస్తానా! మేనేజరు వెల్లకిలా పడ్డాడు. నెల్లాళ్ళు నడుం లేవలేదు. హమ్మయ్య! చట్టం వచ్చేదాకా నా కాలే చట్టం.

ఇప్పుడు తుక్కుగదిలో ఉన్నాను. ఆ చట్టమూ రాలేదు, దాలినాయుడికి కబురూ వెళ్ళలేదు. నా కసి తీరలేదు.

నిన్న మేనేజరుకు కొత్త కుర్చీ వచ్చింది. మళ్ళీ జైలు సరుకే! దాన్ని చేసినవాడూ ఏదో ఒక రోజు విడుదలై ఈ గుమ్మంలోకే పనికొస్తాడు. అందుకే, దాన్ని ఇటుగా మోసుకెళ్తుంటే, ఏ కాలు ఎప్పుడు విరుచుకోవాలో చెప్పి పంపాను.