అడ్డుచెక్కలు

త్యాగరాజు మూడో టైరు దగ్గర ఒంగి అరచేత్తో నిమురుతున్నాడు. మిస్సిసాగాలో వాళ్ళ అపార్ట్‌మెంటు కింద పార్కింగ్. పగలైనా ట్యూబులైట్లే దిక్కు.

"మళ్ళీ మొదలెట్టారా నాన్నా? పదింటికి డాక్టర్ దగ్గరుండాలి," అంది సుధామయి.

"నాలుగు కాళ్ళూ చూడకుండా ఎక్కకూడదమ్మా."

కూతురు గతుక్కుమంది. కారుకి కాళ్ళేమిటి?

త్యాగరాజు ఇరవై ఏళ్ళ వయసులో సైన్యంలో గుర్రపుదళంలో చేరినప్పుడు నేర్పిన మొదటి పాఠం అది. నాలుగు గిట్టలూ ఎత్తి చూశాకే జీనెక్కాలి. తర్వాత వాయుసేనకు మారి యుద్ధవిమానం నడిపినా, గుర్రాన్ని చూసినట్టే దాని చుట్టూ తిరిగి చూసేవాడు. డెబ్భై ఒకటి యుద్ధంలో ఒక్క ఉదయం మాత్రం, సైరన్ మోగితే చూడకుండానే కదిలాడు. విమానం దొర్లకుండా చక్రాల కింద పెట్టే అడ్డుచెక్కలు లాగుతున్న మెకానిక్ కొమరయ్య ఇంకా బయటికి రాలేదు. శత్రువుల దాడిలో పోయాడని కాగితాల్లో రాశారు. త్యాగరాజు కాదనలేదు. ఆ రెండు చెక్కలూ పెట్టెలో పెట్టుకుని కెనడా దాకా తెచ్చుకున్నాడు. ఇక్కడ ఇరవై ఏళ్ళు ఎయిర్‌పోర్టుకి జనాన్ని వ్యానులో చేరవేశాడు. చుట్టూ తిరగనిదే ఏనాడూ తాళం తిప్పలేదు.

ఇప్పుడు ఎనభై నిండాయి. లైసెన్సు నిలవాలంటే డాక్టరు సంతకం కావాలి.

డాక్టర్ రాగిణి తెలుగావిడే. "అంకుల్, కారుకి కాళ్ళున్నాయన్నారట. ఊరికే దాని చుట్టూ తిరుగుతారట. ఎందుకో చెప్పండి, రాసుకుంటాను."

చెబితే లైసెన్సు నిలిచేది. చెబితే, కొమరయ్య ఎవరి చేతిలో పోయాడో పక్కన కూర్చున్న కూతురికీ తెలిసేది.

"మతిమరుపమ్మా," అన్నాడు గోడకేసి చూస్తూ.

డాక్టర్ పెన్ను తీసింది.

తిరుగుదారిలో సుధామయే నడిపింది. "కారు అయిదో అంతస్తు దమయంతికి ఇచ్చేస్తున్నాం నాన్నా. సాయంత్రం వచ్చి తీసుకెళ్తుంది."

"ఆమెకెప్పుడు చెప్పావు?"

"పోయిన వారమే."

పార్కింగ్‌లో కారు ఆగాక, త్యాగరాజు అలవాటుగా పెట్టెలోని ఆ రెండు చెక్కలూ చక్రాల కింద పెట్టాడు.

దమయంతి ఆరింటికి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. "ఎక్కడికెళ్ళాలన్నా నాకో ఫోన్ కొట్టండి అంకుల్. మీకో డ్రైవర్ దొరికిందనుకోండి."

"సరేనమ్మా. నేను చెయ్యి ఊపేదాకా కదలకు."

గోడ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక చెక్క లాగాడు, తర్వాత రెండోది. తలెత్తితే చక్రం ముఖానికి జానెడు దూరంలో ఉంది. కొమరయ్యకు ఆఖరున కనబడింది ఇదే కాబోలు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. దమయంతి హారన్ కొట్టలేదు. చివరికి పక్కకు జరిగి, లేచి, చెయ్యి ఊపాడు.

కారు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"పదండి నాన్నా, లిఫ్టు వచ్చింది."

ఆయన ఎక్కాడు. తలుపులు మూసుకున్నాయి. కింద, ఖాళీ అయిన చోట, నూనె మరక పక్కన రెండు చెక్కలు అలాగే ఉన్నాయి. ఒకదాని అంచు ఏనాడో నలిగి చీలి ఉంది.