పోస్టు ముద్ర

మార్చి ముప్పై ఒకటి, మంగళవారం. ఉదయం తొమ్మిదింటికి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది.

"ఆర్డిత్ గారూ, గురువారం మీకు క్యాన్సర్ మందు ఎక్కించాలి కదా. మీ ఇన్సూరెన్స్ ఈ నెల ఒకటో తారీఖు నుంచి ఆగిపోయినట్టు చూపిస్తోందండీ."

"కనుక్కుని చెప్తాను" అని ఆర్డిత్ ఫోన్ పెట్టేసింది.

బయట ఆమె భర్త రేనో ట్రక్కు అద్దం మీది మంచు గీకుతున్నాడు. మిషిగన్ ఉత్తరపు కొసన వాళ్ళ ఊళ్ళో చలి ఏప్రిల్ దాకా వదలదు. ముప్పై ఏళ్ళు అతను పనిచేసిన కాగితం మిల్లు అక్టోబరులో మూతపడింది. పాత ఇన్సూరెన్సునే పద్దెనిమిది నెలలు కొనసాగించుకోవచ్చు, కాకపోతే కంపెనీ వాటా కూడా తామే కట్టుకోవాలి. నెలకి పదహారు వందల నలభై డాలర్లు.

"రేనో, ఈ నెల చెక్కు పంపావా?"

అతను గీకడం ఆపాడు. జేబులోంచి కవరు తీశాడు.

"పన్ను వాపసు నిన్ననే పడింది. అంతకుముందు పంపితే చెక్కు తిరిగొచ్చేది. ముప్పై రోజుల గడువుందిగా."

"నాతో ఒక్క మాట చెప్పచ్చుగా."

"చెప్తే ఇల్లు పోతుంది, మందు మానేస్తానంటావు. నవంబరులో అన్నావు కూడా."

అన్న మాట నిజమే. ఆర్డిత్ లోపలికెళ్ళి ఇన్సూరెన్సు కట్టించుకునే ఆఫీసుకి ఫోన్ చేసింది. లైను దొరికేసరికి పదకొండు దాటింది.

"గడువు ఇవాళ్టితో సరి" అన్నాడు అవతలి మనిషి. "చెక్కు ఎప్పుడు చేరినా పర్వాలేదండీ, ఇవాళ్టి పోస్టు ముద్ర ఉండాలి. రేపటి ముద్రయితే ఇక అంతే, మళ్ళీ చేర్చుకోరు."

ఊళ్ళో పోస్టాఫీసు పన్నెండింటికి మూసేస్తారు. ఇంకోటి నలభై మైళ్ళ అవతల. ఇద్దరూ ట్రక్కులో బయల్దేరారు. ఏటవాలు రోడ్డంతా అద్దంలా గడ్డకట్టి ఉంది. పదకొండున్నరకి, పోస్టాఫీసు ఇంకో అర మైలుందనగా, ట్రక్కు జారి పక్క కాలవలోకి దిగబడింది. రేనో దూకి పరిగెత్తబోయి పడ్డాడు. లేవబోతే చీలమండ ఆనలేదు.

"ఇటివ్వు" అంది ఆర్డిత్.

"నువ్వు నడవలేవే."

"ఇటివ్వమన్నానా."

కవరు చొక్కాలో దోపుకుని, కంచె పట్టుకుని నడిచింది. ఆరు నెలలుగా వంటింటి నుంచి మంచం దాకా నడవడమే ఆమెకి గగనం. రెండుసార్లు మోకాళ్ళ మీద కూలబడింది. వెనక్కి చూడలేదు, చూస్తే అతను పాక్కుంటూ వస్తుంటాడని తెలుసు.

పోస్టాఫీసులో పనిచేసే జోయెట్ కౌంటరు తలుపు దించుతోంది.

"అయ్యో, ఆర్డిత్, నీ పెదాలు నల్లబడిపోయాయి. ముందు కూర్చో."

"ముందు ముద్ర వెయ్యి. కనబడేలా వెయ్యి."

జోయెట్ చేత్తోనే ముద్ర కొట్టింది. తారీఖుతో రసీదు కూడా ఇచ్చింది. ఆ తర్వాత ఆర్డిత్ కూర్చుంది. లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది.

గురువారానికి చెక్కు చేరలేదు. ఆసుపత్రి కంప్యూటర్లో అదే మాట, ఆగిపోయిందని. కౌంటర్లో అమ్మాయి ఇబ్బందిగానే ఒక కాగితం జరిపింది. ఇన్సూరెన్స్ రాకపోతే పందొమ్మిది వేల డాలర్లు మేమే కడతాం అని సంతకం పెట్టాలి.

"పెట్టెయ్" అన్నాడు రేనో.

"పెట్టను. వాయిదా వెయ్యండమ్మా."

"కణితి ఆగుతుందా వాయిదా వేస్తే?"

"పెట్టనన్నాను రేనో."

ఆ నాలుగు రోజులూ ఇంట్లో మాటల్లేవు. ఆమె పక్కకి తిరిగి పడుకున్నప్పుడల్లా నొప్పి పెరిగిందేమోనని అతను మెడ ఎత్తి చూసేవాడు. అడిగే ధైర్యం లేదు.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసువాళ్ళే ఫోన్ చేశారు. చెక్కు అందింది, ముద్ర తారీఖు సరిపోయింది, మార్చి ఒకటి నుంచే ఇన్సూరెన్స్ చెల్లుతుంది. రేనో ఆ మాట రెండోసారి చెప్పించుకుని విన్నాడు.

ఆరు రోజులు ఆలస్యంగా, బుధవారం, ఆమెకి మందు ఎక్కించారు. డాక్టరు పరీక్షించి, ఆలస్యం వల్ల నష్టమేమీ కనబడట్లేదన్నాడు. చీలమండకి కట్టుతో రేనో పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

"ఏప్రిల్‌ది కూడా ఒకటినే కట్టాల్సింది" అంది ఆర్డిత్. "ఖాతాలో ఎంతుంది? నిజం చెప్పు."

"రెండు వందల పదకొండు."

"సరే. ఇంకా మూడు వారాలపైన గడువుంది. మా అక్కని అడుగుతాను."

"మీ అక్కనా? జన్మంతా దెప్పుతుంది."

"దెప్పనీ. వింటాను."

రేనో తన ఫోన్ తీసి, అక్క నంబరు నొక్కి, ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు.