తెల్లగీతల చట్టం

ఆటల చట్టాన్ని కామాలతో సహా చదివినవాణ్ణి ఈ పట్నంలో నేనొక్కణ్ణే. ఆటల పోటీలకని ప్రపంచ దేశాలన్నీ ఇక్కడికొచ్చి పరిగెత్తాలంటే మైదానం చాలదు కనుక, నేలమీద గీసిన ప్రతి తెల్లగీతా ఇవాళ్టి నుంచి పరుగుబాటే. గీతమీద కాలుపెట్టినవాడు పందెం ముగిసేదాకా దిగకూడదు. గీత చెరిపితే జైలు.

ఆ సంగతి తెలియని పోలమ్మ తెల్లవారగానే వాకిట్లో మెలికల ముగ్గు వేస్తుంది. ఎక్కడా తెగని ఒకే గీత. సందుంటే దరిద్రం దూరుతుందని వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. పాలపేకెట్టుతో వస్తున్న మొగుడు సన్యాసి చూసుకోక దానిమీద అడుగేస్తాడు. భూమిలోపల ఈల మోగుతుంది. సన్యాసి పరిగెడతాడు.

"సాల్లే సంబడం, పాలిలా ఇచ్చీ," అంటుంది పోలమ్మ.

"కాళ్ళు నా మాట ఇనడం నేదే," అంటాడు సన్యాసి, మలుపు తిరుగుతూ.

ఆమె చీపురు తెస్తుంది. అప్పటికే పక్కింటి గోడ మెట్లుమెట్లుగా విడిపోయి గ్యాలరీ అయింది. అందులోంచి ఓ ఆఫీసరు దిగి, మర్యాదగా చీపురు పుచ్చుకుంటాడు.

"చివరికి చేరగానే వదిలేస్తామమ్మా."

"దీనికి సివరెక్కడుంది బాబూ?"

"గీసింది మీరు. మీకే తెలియాలి."

చట్టంలో దీనికేమన్నా దారుందా అని నన్నడుగుతారు మీరు. చదివానన్నానే గానీ, చదివింది అట్టమీది బొమ్మని. మా ఊరిబళ్ళో మూడో తరగతి దాటాక అక్షరాలు నన్ను పలకరించడం మానేశాయి.

చెరపకూడదు గానీ గీయొచ్చు కదా అనుకుంటుంది పోలమ్మ. ముగ్గు అంచునుంచి గీత లాగి, గడప దాటించి, పొయ్యిదాకా తీసుకెళుతుంది. అక్కడ ఆపితే ఆయన దిగిపోవచ్చు. కానీ చెయ్యి అలవాటుపడ్డ చెయ్యి. పొయ్యి చుట్టూ తిరిగి, వెనక్కొచ్చి, ముగ్గులో చక్కగా కలిసిపోతుంది. గ్యాలరీ చప్పట్లు కొడుతుంది. ఇల్లు పొడుగు సాగుతుంది. పొయ్యి ఎక్కడో దూరంగా చుక్కంత అవుతుంది.

సన్యాసి చుట్టుచుట్టుకీ అరుగుతాడు. ఇప్పుడు పిండి రేణువంత ఉన్నాడు. గ్యాలరీలో జనం పోయి చీమలు కూర్చున్నాయి. పోలమ్మ నేలకి చెవి ఆనించి పడుకుంటుంది; పాలపేకెట్టు చప్పుడు వినిపిస్తుంది. గడప దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన తలెత్తి, ఆమెను చూసి నవ్వుతాడు.

ఇందులో నేను కల్పించింది ఆ నవ్వొక్కటే.